తాళంలో ఇరుక్కునే తాళంచెవి: యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ

పదో తరగతి బయాలజీలో ఏటీపీ గురించి చదవకుండా మనలో ఎవ్వరం ఇక్కడిదాకా రాలేదు. కణానికి అది కరెన్సీ లాంటిదని ఒక మార్కు ప్రశ్నకు జవాబు రాసేసి, ఎంపీసీలో చేరగానే హాయిగా మర్చిపోయాం. ఆ ఏటీపీని కండరాల్లోంచి మొదటగా వేరుచేసి చూపించిన కొద్దిమందిలో ఒకరు మన భీమవరంలో పుట్టారని నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఈరోజుకీ ఇస్తున్న ఒక మందు కూడా ఆయన నడిపిన ల్యాబ్ నుంచే వచ్చిందని బీటెక్‌లో చేరాక గానీ తెలియలేదు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంచికలో ఆయన కథ రాస్తున్నాను. ఇందులో బయాలజీ కొంచెం ఉంటుంది, కానీ సీఎస్ వాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్తాను, ఎందుకంటే నాకు అర్థమైంది కూడా అంతే!

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల ఇల్లు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం పాడవడంతో ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ ఇబ్బందే. సుబ్బారావు గారికి పదమూడేళ్ళప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి బాగా సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయారు. తల్లి ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదివారు, కానీ మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఈ పాయింట్ గమనించగలరు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు లాగింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. సన్యాసం కాకపోతే జనానికి పనికొచ్చే చదువు ఏదైనా చదవాలని మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు సాయం చేశారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా సాయం చేశారు. 1919లో ఆయన కూతురు శేషగిరిని పెళ్ళి చేసుకున్నారు.

అవి స్వదేశీ ఉద్యమం రోజులు. గాంధీ గారి పిలుపు విని సుబ్బారావు గారు ఖద్దరు సర్జికల్ కోటు వేసుకుని ఆపరేషన్ క్లాసుకు వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ ఇంగ్లీషు దొర, ఆయనకు అది నచ్చలేదు. పేపర్లు బాగా రాసినా చివరికి సుబ్బారావు గారి చేతికి వచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. దాంతో మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పే పనికి కుదిరారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ఇంట్లో జరిగిన చావులు ఒక ఎత్తు. స్ప్రూ అనే జబ్బు ఒకటుంది. పేగులు తిండిలోని సారాన్ని పీల్చుకోవడం మానేస్తాయి, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆయన అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ ఆ జబ్బుతోనే పోయారు. ఇద్దరి మధ్యా ఎనిమిది రోజులే తేడా. తర్వాత ఆయనకూ అదే పట్టుకుంది, లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారని చెప్తారు. ఒకే ఇంట్లో ఇద్దరిని తీసుకెళ్ళిన జబ్బు ఏమిటో, శరీరంలో ఏది తక్కువైతే అలా అవుతుందో తెలుసుకోవాలనే పట్టుదల ఆయన్ని తర్వాత ఎప్పుడూ వదల్లేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

1922 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. ఖర్చులకు మామగారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత ఇచ్చాయి. చేరింది హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో. ఆయన డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేయడం కుదరదు. ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరారు. బెడ్‌పాన్లు శుభ్రం చేయడం లాంటి పనులన్నమాట. పగలు చదువు, రాత్రి ఈ పని. పార్ట్ టైమ్ జాబ్ చేసుకుంటూ ఎంఎస్ చదివే మన సీనియర్ల కథకు ఇది నూరేళ్ళ నాటి వెర్షన్.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. ఇద్దరూ కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి ప్రచురించారు. శాంపిల్‌లో మాలిబ్డేట్, ఇంకో రసాయనం కలిపితే నీలం రంగు వస్తుంది, రంగు ఎంత ముదురుగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. వినడానికి చాలా చిన్న విషయం. కానీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఈనాటికీ ల్యాబ్‌లో ఫిస్క్-సుబ్బారో మెథడ్ అని దీన్ని నేర్చుకుంటారు. ఆ కొలబద్ద చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. అంతకుముందు కండరం ఎలా పనిచేస్తుందో చెప్పినందుకు 1922లో నోబెల్ ఇచ్చిన సిద్ధాంతం ఉంది కదా, దాన్ని ఈ కొత్త విషయాల వల్ల మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పదేళ్ళు చూసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీ వదిలి కంపెనీకి వెళ్ళడం అప్పట్లో పెద్ద గౌరవం కాదు. కానీ అక్కడ ఆయనకు మనుషులు, డబ్బు, పరికరాలు అన్నీ దొరికాయి. వాటితో పాత పగ తీర్చుకోవడానికి దిగారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీష్ డాక్టరమ్మ బొంబాయిలో మిల్లు కార్మికుల ఇళ్ళల్లోని గర్భిణులకు వచ్చే రక్తహీనత మీద పనిచేసింది. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఏదో ఉంది, కానీ అదేంటో తెలీదు. కాలేయంలో ఉందన్నారు, ఆకుకూరల్లో ఉందన్నారు. 1941లో పాలకూర నుంచి తీసినవాళ్ళు దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చిన పేరు అది. కానీ పాలకూర నుంచి తీస్తే వచ్చేది చిటికెడే. జబ్బుపడ్డవాళ్ళకు ఇవ్వాలంటే దాని నిర్మాణం తెలుసుకుని ల్యాబ్‌లో తయారుచేయాలి. సుబ్బారావు గారి టీమ్ 1945లో ఆ పని చేసి చూపించింది. దాన్ని రోగులకు ఇచ్చి చూస్తే రక్తహీనతకు పనిచేసింది. స్ప్రూకి కూడా పనిచేసింది! అన్నదమ్ములిద్దరూ పోయిన పాతికేళ్ళ పైచిలుకు తర్వాత ఆ జబ్బుకి మందు దొరికింది, అదీ ఆయన చేతుల మీదుగానే.

వేరే ఎవరి కథైనా ఇక్కడ శుభం కార్డు పడేది. ఈయన కథలో అసలు మలుపు ఇప్పుడే వస్తుంది.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పేథాలజిస్ట్ ఉండేవాడు. లుకేమియా వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోతుంటే చూస్తూ ఉండటం తప్ప ఎవరూ ఏమీ చేయలేని కాలం అది. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని బాగుచేస్తోంది కదా, రక్తపు క్యాన్సర్‌ని కూడా బాగుచేస్తుందేమో అనుకున్నారు. లెడర్లీ నుంచి ఆ జాతి మందులు తెప్పించి క్యాన్సర్ రోగులకు ఇచ్చారు. లుకేమియా పిల్లల్లో ఫలితం తలకిందులైంది. వాళ్ళ ఎముకల మజ్జలో క్యాన్సర్ కణాలు ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు ఫార్బర్‌కి కనిపించింది.

ఘోరమైన ఫలితమే. కానీ అందులో ఒక సమాచారం ఉంది. ఈ కణాలకు ఫోలిక్ యాసిడ్ అంటే ఆకలి. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ కాపీ కావాలి, ఆ కాపీకి ముడిసరుకు తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణం ఆగకుండా విడిపోతూ ఉంటుంది కాబట్టి దానికి అది ఎక్కువ కావాలి. మరి అది అందకుండా చేస్తే?

సుబ్బారావు గారి టీమ్ దగ్గర అప్పటికే దీనికి పనికొచ్చే సరుకు ఉంది. ఫోలిక్ యాసిడ్ ఎలా కట్టాలో వాళ్ళకి తెలుసు కాబట్టి, దాన్ని కొంచెం తప్పుగా ఎలా కట్టాలో కూడా తెలుసు. ఒక చోట ఆక్సిజన్ ఉండాల్సిన దగ్గర అమైనో గ్రూప్ పెట్టారు. దాని పేరు అమైనోప్టెరిన్. దానికే ఇంకో చోట ఒక మిథైల్ గ్రూప్ తగిలిస్తే మెథోట్రెక్సేట్. కణం దృష్టిలో ఇవి ఫోలిక్ యాసిడ్ లాగే ఉంటాయి. లోపలికి రానిస్తుంది. ఫోలిక్ యాసిడ్‌ని వాడుకునేలా మార్చిపెట్టే ఒక ఎంజైమ్ ఉంది, దాన్ని తాళం అనుకోండి. ఈ నకిలీ తాళంచెవి అందులో దూరుతుంది, తిరగదు, బయటికి రాదు. అసలు తాళంచెవి వచ్చినా దూర్చడానికి చోటుండదు. డీఎన్ఏ కాపీ పని ఆగిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఫార్మాట్ అంతా కరెక్టుగా ఉన్న ఒక రిక్వెస్ట్ సర్వర్‌లోకి వెళ్ళి, కనెక్షన్‌ని పట్టుకుని వదలకుండా కూర్చోవడం లాంటిది. ఆ తాళం ఏ ఎంజైమో 1950ల చివర్లో గానీ తేలలేదు. తాళం కనపడకుండానే తాళంచెవి చేశారన్నమాట.

1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ అమైనోప్టెరిన్‌ని పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. మంచం మీదున్న పిల్లలు లేచి ఆడుకున్నారు. శాశ్వతంగా కాదు. కొన్ని వారాలో నెలలో గడిచాక జబ్బు తిరిగొచ్చింది. ఆ రిపోర్టు కూడా ఇది తాత్కాలికమేనని తన పేరులోనే ఒప్పుకుంది. కానీ పిల్లల లుకేమియాని ఒక రసాయనంతో వెనక్కి నెట్టవచ్చని ప్రపంచం చూడటం అదే మొదటిసారి.

రిపోర్టు వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. ఆ మందు తర్వాత ఏమేం చేసిందో ఆయన చూడలేదు. 1956లో అమెరికాలో రాయ్ హెర్ట్జ్, మిన్ చియు లీ మెథోట్రెక్సేట్‌తో కోరియోకార్సినోమా అనే గర్భసంచి క్యాన్సర్‌ని తగ్గించారు. ఒక గడ్డ క్యాన్సర్ కేవలం మందుతో పూర్తిగా నయమవడం అదే మొదలు. పిల్లల లుకేమియాకి ఒక్క మందు చాలదని తెలిసి, నాలుగైదు మందులు కలిపి ఇవ్వడం నేర్చుకున్నారు. ధనిక దేశాల్లో ఇప్పుడు ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి దాదాపు తొంభై మంది బతుకుతున్నారు.

ఇదంతా బోస్టన్, న్యూయార్క్ సంగతి అనుకోకండి. మాది వినగడప, తిరువూరు దగ్గర గంపలగూడెం మండలం. మా నాయనమ్మకి కీళ్ళవాతం. వేళ్ళు వంకర్లు పోయే రకం. ఆమె వారానికి ఒక్కసారి, ఆదివారం, ఒక చిన్న మాత్ర వేసుకుంటుంది. మిగతా రోజుల్లో ఇంకో మాత్ర. వానాకాలంలో కట్టలేరు పొంగితే రాకపోకలు కష్టమని నాన్న రెండు నెలల మందులు ఒకేసారి తెచ్చిపెడతాడు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు స్ట్రిప్ తిప్పి చూస్తే ఆదివారం మాత్ర మెథోట్రెక్సేట్, మిగతా రోజులది ఫోలిక్ యాసిడ్. తక్కువ డోసులో మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి కూడా పనిచేస్తుందని 1980ల నుంచి వాడుతున్నారు. దాని వల్ల మంచి కణాలకు జరిగే నష్టాన్ని సర్దడానికి ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. అంటే అసలు తాళంచెవి, నకిలీ తాళంచెవి రెండూ మా ఇంట్లో ఒకే బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి! మీ ఇంట్లో కూడా ఎవరైనా ఈ మందు వాడుతుంటే ఒక్క మాట: కీళ్ళవాతానికి ఇది వారానికి ఒకసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రిప్ మీద ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్ళకి మనమే తెలుగులో పెద్దగా రాసిపెట్టాలి.

ఇంతేనా? ఊళ్ళో గర్భిణులకు ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన డైరెక్టర్‌గా ఉన్న లెడర్లీలోనే పుట్టింది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో మొదటిదైన ఆరియోమైసిన్‌ని డగ్గర్ అనే శాస్త్రవేత్త కనుక్కున్నదీ అక్కడే.

మెథోట్రెక్సేట్‌కి ఒక పెద్ద లోపం ఉంది. అది క్యాన్సర్ కణాన్ని, వేగంగా విడిపోయే మంచి కణాన్ని వేరుగా గుర్తుపట్టలేదు. నోటి లోపలి పొర, జుట్టు కుదుళ్ళు, మజ్జ అన్నిటినీ కొడుతుంది. అందుకే ఆ తర్వాతి పరిశోధన అంతా గురి కోసమే. 2001లో వచ్చిన ఇమాటినిబ్ ఒక రకం లుకేమియా కణాల్లో మాత్రమే ఉండే తప్పు ప్రోటీన్‌ని ఆపుతుంది. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్ళ కృషితో వచ్చిన నెక్స్‌కార్19కి 2023లో మన దేశంలో అనుమతి దొరికింది. రోగి సొంత తెల్లరక్త కణాలకే క్యాన్సర్‌ని గుర్తుపట్టడం నేర్పించే చికిత్స అది. అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం అనిపించింది 2022లో అమెరికాలో అనుమతి పొందిన ఒక అండాశయ క్యాన్సర్ మందు. పేరు మిర్వెటుక్సిమాబ్, పలకడం కష్టమే. కొన్ని క్యాన్సర్ కణాలు ఫోలేట్‌ని పట్టుకోవడానికి తమ ఒంటి మీద ప్రత్యేకమైన రిసెప్టర్లు చాలా ఎక్కువగా పెట్టుకుంటాయి. ఈ మందు ఆ రిసెప్టర్ల అడ్రస్ చూసుకుని వెళ్ళి విషాన్ని అక్కడే దించుతుంది. అంటే 1947లో బయటపడ్డ ఆకలినే డెబ్బై అయిదేళ్ళ తర్వాత అడ్రస్‌గా వాడుకుంటున్నారు. శత్రువు ఏం తింటాడో ముందు తెలుసుకోవాలి, మందు ఆ తర్వాత వస్తుంది. సుబ్బారావు గారి జీవితం నుంచి నాకు అర్థమైన సైన్స్ ఇదే.

సైన్స్ కాని విషయం కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఈ కథ సగమే అవుతుంది. 1922లో ఆయన ఓడ ఎక్కేటప్పటికి శేషగిరి గారు గర్భవతి. కొన్నేళ్ళలో తిరిగొస్తానని చెప్పి వెళ్ళారు. కొడుకు పుట్టాడు, నెలల పిల్లాడిగానే పోయాడు. తండ్రి వాడిని చూడలేదు. చదువు అయ్యాక పరిశోధన, అది అయ్యాక ఇంకో పరిశోధన. ఆయన మళ్ళీ ఇండియాకి రానేలేదు. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆమెకి చేరింది చావు కబురే. ఎంతోమంది తల్లులకు పిల్లల్ని దక్కించిన పని వెనక ఇలాంటి ఇల్లు ఒకటి ఉంది. ఒకదాని వల్ల ఇంకోటి చెల్లిపోతుందని నేను అనుకోవడం లేదు. ఫైనల్ ఇయర్ అవ్వగానే జీఆర్ఈ, వీసా అని లెక్కలు వేసుకునే మన బ్యాచ్‌లో, ఆ లెక్కలో ఇంటి దగ్గర ఉండిపోయేవాళ్ళని కూడా వేసుకోవాలని మాత్రం అనిపించింది.

ఆయనకు నోబెల్ రాలేదు. పేటెంట్ల మీద ఆస్తులు రాలేదు. 1946 తర్వాత భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు వచ్చినా తీసుకోలేదు, భారతీయుడిగానే పోయారు. టీమ్ సాధించిన వాటి దగ్గర తన పేరు ముందు పెట్టుకునే అలవాటు లేకపోవడం కూడా మనకి ఆయన తెలియకపోవడానికి ఒక కారణం. 1995లో, పుట్టిన నూరేళ్ళకి, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు.

ఆఖరుగా ఒక చిన్న లింక్. హార్వర్డ్‌లో అదే ఫిస్క్ ల్యాబ్‌లో జార్జ్ హిచింగ్స్ అనే విద్యార్థి ఉండేవాడు. అతను తర్వాత గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి, డీఎన్ఏ ముడిసరుకుకి నకిలీలు చేసే దారిలోనే 6-ఎంపీ అనే మందు చేశాడు. 1988లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. లుకేమియా తగ్గిన పిల్లలకు జబ్బు తిరగబెట్టకుండా రెండేళ్ళ పైనే మందులిస్తారు. అందులో ముఖ్యమైనవి రెండు. రోజూ వేసుకునేది 6-ఎంపీ. వారానికి ఒకసారి వేసుకునేది మెథోట్రెక్సేట్.